ఆరు లక్షలకు లంకలో పెంకుటిల్లు: కొనుక్కుంటే ఖర్చు నిజంగా తగ్గుతుందా?

ప్రశ్న (అమలాపురం అద్దెదారు):

అందరికీ నమస్కారం. నేను అమలాపురంలో ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. నా జీతం 26,000 రూపాయలు, అందులో 7,000 ఇంటద్దెకే పోతుంది. పి.గన్నవరం అవతల గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామంలో 5 సెంట్ల స్థలంలో ఉన్న పాత పెంకుటిల్లు 6 లక్షలకు అమ్మకానికి వచ్చింది. ఏడేళ్లు కట్టే అద్దెతో ఇల్లు సొంతమవుతుందన్న ఆలోచన నన్ను నిద్రపోనివ్వడం లేదు. చేతిలో ఏడు లక్షలకు పైగా ఉన్నాయి. అమ్మ, భార్య, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు నాతో ఉంటారు. ఇంత చవకలో దొరికిన ఇల్లు మాలాంటి వారికి నిజంగా తక్కువ ఖర్చుతో బతికే వీలునిస్తుందా, లేక ధర చూసి నేను పొరబడుతున్నానా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం (లంకలో పుట్టినవాడిని):

మిత్రమా, ముందుగా ఆ ఇల్లు ఏటిగట్టుకు (వరదను ఆపే మట్టికట్టకు) ఊరి వైపున ఉందా, నది వైపున ఉందా అన్నది తెలుసుకోండి. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీటికి) చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. గట్టుకు ఊరి వైపున ఉన్నవారికి మొదటి హెచ్చరిక ఒక వార్త మాత్రమే, కానీ పల్లపు లంకల్లో అప్పటికే కాజ్‌వేలు (పాయల మీది ఎత్తు తక్కువ దారులు) మునిగి పడవలు తిరుగుతుంటాయి. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా ఇంట్లో నీరు కిటికీల దాకా వచ్చింది. నీరు తీసిన తరువాత మోకాలి లోతు ఒండ్రును ఎత్తిపోయడానికి మాకు తొమ్మిది రోజులు పట్టింది, గాదెలోని ధాన్యం మొలకెత్తిపోయింది. 1986 ఆగస్టు వరద ఇంకా పెద్దది. ఆ నీటి గుర్తు ఆ ఇంటి గోడ మీద ఎక్కడ ఉందో ఊళ్లోని పెద్దవారిని అడగండి, వారు వేలితో చూపిస్తారు.

ఇక పెంకుటిల్లు సంగతి. ఏటా తొలకరికి ముందే పెంకులు సరిచేయించాలి, పగిలినవి మార్పించాలి. ఇప్పుడు ఆ పని తెలిసినవారు మా మండలంలో వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే మిగిలారు. వాసాలకు చెద పట్టి, తాటి దూలం లోపల గుల్లబారితే పైకి కనబడదు. వడ్రంగిని వెంట తీసుకువెళ్లి, దూలాలు గోడలో దిగే చోట ఉలితో పొడిపించి చూడండి. మరమ్మతుకు లక్షన్నర పక్కన పెట్టలేకపోతే ఆ ధర మీకు చవక కాదు.

సమాధానం (దస్తావేజుల పని చేసినవాడిని):

పై మిత్రులు చెప్పినదానికి ఒక మాట చేర్చాలి. చవక వెనుక చాలాసార్లు దస్తావేజులోని చిక్కు ఉంటుంది. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) తీయించండి, లింకు దస్తావేజులు, అంటే పాత యజమానుల నాటి పత్రాలు అడగండి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. అందులో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు. అమ్మే వ్యక్తికి అక్కచెల్లెళ్లు ఉన్నారా అన్నది తప్పకుండా విచారించండి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తరువాత హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానమైన హక్కు ఉంది. అన్నదమ్ముల సంతకాలు మాత్రమే పెట్టించుకుని కొని, తరువాత కోర్టు చుట్టూ తిరిగిన కుటుంబాన్ని నేను దగ్గరగా చూశాను. వారికి వకీలు ఖర్చు ఇంటి ధరను మించిపోయింది. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను కూడా ఆ ఆరు లక్షల పైన కలుపుకోండి.

సమాధానం (మామిడికుదురు గృహిణి):

నేను కొంచెం వేరుగా చెబుతాను. మేము ఎనిమిదేళ్ల క్రితం గట్టుకు ఊరి వైపున ఇలాంటి పాత ఇల్లే కొన్నాము, ఈ రోజుకీ ఆ నిర్ణయానికి సంతోషిస్తున్నాను. అయితే మావారిది కొబ్బరి దింపు, ఒలుపు పని కాబట్టి పని మా వీధిలోనే ఉంది, నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. పెరట్లో ఆరు కొబ్బరి చెట్లు, అరటి, కంద ఉన్నాయి. బోరు నీరు ఉప్పగా ఉన్నందువల్ల తాగే నీటిని మాత్రం డబ్బాల్లో కొంటాము, ఆ ఖర్చు కొనే ముందు మాకు తట్టలేదు. మీరు రోజూ అమలాపురానికి రానుపోను 40 కిలోమీటర్లు తిరగాలి. నెలకు 25 రోజులంటే 1,000 కిలోమీటర్లు, బండికి 20 లీటర్ల పెట్రోలు. దానికే రెండు వేలు దాటుతుంది. పిల్లల బడి ఆటో, వరద రోజుల్లో పోయే జీతం, రాత్రివేళ అమ్మగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వస్తే కావలసిన పడవ కూడా లెక్కలోకి రావాలి. మిగిలే అద్దెలో సగం వీటికే పోతుందని నా అంచనా. మీ పని అక్కడికి మారేదైతే కొనండి. మారనిదైతే, కాస్త ఎక్కువ పెట్టి గట్టు ఇవతల రెండు సెంట్లలో చిన్న ఇల్లు చూసుకోవడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఇల్లు నది వైపునే ఉంది. నేను అద్దెను మాత్రమే లెక్కగట్టాను, అమ్మ ఆరోగ్యం సంగతి అసలు తలచుకోలేదు. బయానా ఇవ్వడం ఆపి, ఈ ఆదివారం వడ్రంగితో వెళ్లి గోడ మీద గుర్తు చూసి వస్తాను. అలాగే అంబాజీపేట వైపు గట్టు ఇవతల రెండు సెంట్ల ఇల్లు ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.