తిరుపతిలో మురుగు శుద్ధి సామర్థ్యం చాలనప్పుడు కొత్త యూజీడీ (భూగర్భ మురుగు కాలువ) కనెక్షన్లు ఆపాలా?

తిరుచానూరు రోడ్డు నివాసి (చర్చ ప్రారంభం)

మా వీధి చివరి మ్యాన్‌హోల్ ఉదయం ఏడు గంటలకు పొంగడం మొదలుపెడితే తొమ్మిదిన్నరకు గానీ తగ్గదు. బడికి వెళ్లే పిల్లలు పరిచిన ఇటుకల మీద అడుగులు వేసుకుంటూ దాటుతున్నారు. గత రెండేళ్లలో ఈ వీధిలో మూడు అపార్టుమెంట్లు లేచాయి, మూడింటినీ అదే పాత గొట్టానికి కలిపారు. మనం వదిలే మురుగు శుద్ధి కాకుండా స్వర్ణముఖిలో చేరితే దిగువన ఉన్న శ్రీకాళహస్తి వాసులు దానిని భరించాలి. అందువల్ల శుద్ధి కేంద్రాల సామర్థ్యం పెరిగేదాకా కొత్త కనెక్షన్ ఒక్కటి కూడా ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఏకీభవించనివారు కారణం చెప్పగలరు.

కొర్లగుంట నివాసి

మీ బాధ అర్థమైందండీ, కానీ పరిష్కారంతో ఏకీభవించలేను. మా తమ్ముడు బ్యాంకు అప్పు తీసుకుని, మంజూరైన ప్లాను ప్రకారమే ఇల్లు కట్టుకుని, కట్టవలసిన రుసుములన్నీ కట్టి గృహప్రవేశం చేశాడు. కనెక్షన్ అడిగితే ఆరు నెలలుగా “ఇప్పుడు కాదు” అనే సమాధానమే వస్తోంది. సెప్టిక్ ట్యాంకు నిండిపోయి, పొర్లే నీరు సైడు కాలువలో పడుతోంది, ఆ కాలువ కూడా చివరికి ఏటిలోకే పోతుంది. కనెక్షన్ ఇవ్వనంత మాత్రాన ఇంట్లోవాళ్లు స్నానం మానరు కదా! అలాంటప్పుడు ఈ నిషేధం ఏటిని ఏ విధంగా కాపాడినట్టు?

విశ్రాంత ఇంజనీరు

ఇద్దరి మాటల్లోనూ నిజముంది. అయితే రెండు వేర్వేరు సమస్యలు ఇక్కడ కలిసిపోయాయి. మ్యాన్‌హోల్ పొంగడానికి గొట్టం చాలకపోవడమో, సిల్టు పేరుకోవడమో, పంపింగ్ స్టేషన్ సకాలంలో నీటిని లాగకపోవడమో కారణం కావచ్చు. శుద్ధి కేంద్రాన్ని ఎంత విస్తరించినా ఆ వీధి బాగుపడకపోవచ్చు. మొదట ఏది చాలడం లేదో తేల్చుకోవాలి.

శుద్ధి కేంద్రమే చాలనప్పుడు జరిగే నష్టాన్ని మనం తక్కువగా అంచనా వేస్తున్నాము. నిండిన బిందెలో మరో చెంబు పోస్తే ఒలికేది ఆ చెంబెడు నీళ్లే. శుద్ధి కేంద్రం అలా పనిచేయదు. అక్కడ మురుగును తినేవి సూక్ష్మజీవులు. వాటికి గాలి కావాలి, నీటితో కలిసి ఉండే వ్యవధి కావాలి, ఆ తరువాత తొట్టిలో అడుగుకు దిగడానికి నిలకడైన నీరు కావాలి. ప్రవాహం మితిమీరితే అవి అడుగుకు దిగకుండా నీటితో పాటే బయటికి కొట్టుకుపోతాయి, అప్పుడు అదనంగా వచ్చిన నీరే కాక మొత్తం నీరూ సరిగా శుద్ధి కాదు. కొత్త భారాన్ని అదుపు చేయాలనడానికి నా దృష్టిలో ఇదే అతి బలమైన కారణం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రచురించిన లెక్క ప్రకారం దేశ పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మిలియన్ లీటర్లే. కాబట్టి ఇది ఒక్క తిరుపతి సమస్య కాదు.

అయితే ఆపవలసింది వీధిలో కాదు, ప్లాను బల్ల దగ్గర. అమెరికా స్వచ్ఛజల చట్టంలో 402(హెచ్) అనే నిబంధన ఉంది. శుద్ధి కేంద్రం తన అనుమతి షరతులను ఉల్లంఘించినప్పుడు, అప్పటివరకు దానిని వాడని కొత్తవారు అందులోకి మురుగు వదలకుండా ప్రభుత్వం కోర్టు ద్వారా నిరోధించవచ్చు. మన 1974 జల చట్టంలోని 25వ సెక్షన్ కూడా కొత్తగా మురుగు వదలడానికి ముందస్తు సమ్మతి అవసరమంటుంది. పునాది తీయకముందే “ఇక్కడ చోటు లేదు” అని చెబితే ఎవరికీ అన్యాయం జరగదు. ప్లాను మంజూరు చేసి, డబ్బు కట్టించుకుని, గృహప్రవేశమయ్యాక కాదనడం మాత్రం నమ్మించి మోసం చేయడమే.

లెక్క కూడా ఇళ్లలో కాక లీటర్లలో ఉండాలి. యూజీడీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు, అందులో 80 శాతం మురుగు అన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. అంటే నలుగురున్న ఇల్లు రోజుకు 432 లీటర్లు, వంద ఫ్లాట్ల అపార్టుమెంటు 43,200 లీటర్లు వదులుతాయి. యాత్రికులతో నిండే లాడ్జీలున్న ఊరిలో ఈ తేడా చూడకుండా అందరికీ ఒకే నిషేధం పెడితే చిన్న ఇల్లే నష్టపోతుంది.

కొత్తవారిని కాదనేముందు పాతవారు చేయవలసిన పని కూడా ఒకటుంది. నేను చూసిన చాలా ఇళ్లలో డాబా మీది వాన నీటి పైపును తీసుకొచ్చి నేరుగా యూజీడీ ఛాంబరులో కలిపేశారు. మూత ఎత్తితే రెండు గొట్టాలు పక్కపక్కనే కనిపిస్తాయి. వంద చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు, అంటే ఆ ఇంటివాళ్ల పదకొండు రోజుల మురుగుకు మించిన నీరు, ఒక్క పూటలో శుద్ధి కేంద్రం వైపు పరుగెడుతుంది. 2021 నవంబరు వరదలు చూసిన ఊరు మనది. ఈ పైపులను విడదీసి ఇంకుడు గుంతలకు మళ్లిస్తే వానాకాలంలో దొరికే వెసులుబాటు తక్కువేమీ కాదు.

తిరుచానూరు రోడ్డు నివాసి

డాబా పైపుల సంగతి నేను ఆలోచించలేదు, మా ఇంట్లోనూ అలాగే ఉంది. ఈ వారమే విడదీయిస్తాను. కానీ ఒక సందేహం మిగిలింది. “నిండింది” అని ప్రకటించేదెవరు? ఆ మాట అధికారుల నోట మాత్రమే ఉంటే, పలుకుబడి ఉన్న బిల్డరుకు చోటు ఎప్పుడూ దొరుకుతుంది.

విశ్రాంత ఇంజనీరు

అందుకే మీటరు రీడింగు ప్రజల ముందుండాలి. ప్రతి శుద్ధి కేంద్రానికి రోజూ ఎంత నీరు వచ్చింది, ఎంత శుద్ధయింది, ప్లానులు మంజూరై ఇంకా కలపని భవనాలకు ఎన్ని లీటర్లు కేటాయించారు అనే మూడు అంకెలను వార్డు సచివాలయం గోడ మీద నెలనెలా రాయించాలి. మూడోది లేకుండా మొదటి రెండూ మనల్ని తప్పుదోవ పట్టిస్తాయి, ఎందుకంటే ఈ రోజు ఖాళీగా కనిపించే చోటు ఇప్పటికే ఎవరికో మాట ఇచ్చినది కావచ్చు. ఇప్పుడు వస్తున్న భారం, మాట ఇచ్చిన భారం కలిపి సామర్థ్యంలో 90 శాతానికి చేరిన రోజు నుంచి పెద్ద భవనాల ప్లానులు ఆపాలి. కొర్లగుంట వారి తమ్ముడిలాగా అనుమతితో కట్టుకున్నవారికి కనెక్షన్ ఇచ్చి తీరాలి. ఇప్పటికే కట్టిన అపార్టుమెంట్లు సొంత తొట్టిలో మురుగును నిలిపి, ప్రవాహం పలచబడే రాత్రి పదకొండు తరువాత పంపు చేసేలా షరతు పెడితే, మీ వీధిలో ఉదయం ఏడు గంటల రద్దీ కూడా కొంత తగ్గుతుంది.