కెనడా ఆదివాసీల శిశు సంక్షేమంలో బయటివారు ఉద్యోగం చేయవచ్చా?

కొత్తదారి:
మానిటోబా ప్రావిన్సులోని విన్నిపెగ్‌లో నా సోషల్ వర్క్ డిగ్రీ ఈ వేసవితో పూర్తవుతుంది. ఫస్ట్ నేషన్స్ (కెనడా ఆదివాసీల్లో ఒక పెద్ద వర్గం) కుటుంబాలతో పనిచేసే ఒక శిశు సంక్షేమ ఏజెన్సీ నుంచి పిల్లల రక్షణ విభాగంలో ఉద్యోగానికి పిలుపు వచ్చింది. ఫిర్యాదు వచ్చిన ఇంటికి వెళ్ళి విచారించి, అవసరమనిపిస్తే బిడ్డను ఆ ఇంటి నుంచి తప్పించే పని అది. 2021 జనగణన ప్రకారం కెనడాలో 14 ఏళ్ళు, అంతకు తక్కువ వయసున్న పిల్లల్లో ఆదివాసీలు 7.7 శాతమే, ఫోస్టర్ కుటుంబాల్లో (పెంచమని పిల్లలను తాత్కాలికంగా అప్పగించే పరాయి ఇళ్ళలో) పెరుగుతున్న ఆ వయసు పిల్లల్లో మాత్రం 53.8 శాతం వారే. ఈ లెక్క చూశాక అక్కడే పనిచేయాలని నాకు అనిపించింది. అదే లెక్క చూపించి, నాతో చదువుకున్న, ఫస్ట్ నేషన్స్‌లో ఒకటైన క్రీ జాతికి చెందిన స్నేహితురాలు ఆ ఉద్యోగం నాలాంటి వలసదారు చేయవలసినది కాదంటోంది. ఎవరి మాట సబబో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాతకాపు:
మీ స్నేహితురాలి మాటే సబబు. 1951లో ఆదివాసీలకు సంబంధించిన ఫెడరల్ చట్టమైన ఇండియన్ యాక్ట్‌కు చేసిన సవరణతో ప్రావిన్సుల చట్టాలు రిజర్వుల్లోకి (ఫస్ట్ నేషన్స్‌కు కేటాయించిన భూముల్లోకి) వచ్చాయి, వాటి వెనకే సోషల్ వర్కర్లూ వచ్చారు. ‘సిక్స్టీస్ స్కూప్’ అని పేరుపడిన ఆ కాలంలో వేలమంది పిల్లలను ఆదివాసీయేతరుల ఇళ్ళకు ఇచ్చేశారు. కొందరిని సరిహద్దు దాటించి అమెరికాకు కూడా పంపారు. పంపినవారిలో చాలామంది దుర్మార్గులు కారు. చదువుకున్నవారు, బిడ్డ బాగుపడుతుందని మనస్ఫూర్తిగా నమ్మినవారు. ఆ నమ్మకం చేసిన నష్టానికి 2017లో ఫెడరల్ ప్రభుత్వం 80 కోట్ల డాలర్ల వరకు చెల్లించడానికి ఒప్పుకోవలసి వచ్చింది. ఆ భాష రానివారూ, ఆ ఇళ్ళలో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియనివారూ ఒక గంటసేపు ఇల్లు చూసి తల్లి యోగ్యతను తేల్చడం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. ఆ తేల్చేది తెల్లవారు కాకుండా మనవారైనంత మాత్రాన ఒప్పు కాదు.

లెక్కలమనిషి:
పాతకాపు గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు, దాని నుంచి వారు తేల్చినదానితోనే ఉంది. ఆ స్థానంలో ఎవరు ఉన్నారన్నదే అసలు సమస్య అయితే, మానిటోబా దాన్ని ఎప్పుడో పరిష్కరించి ఉండాలి. అక్కడ 2003లో వచ్చిన ఏర్పాటు ప్రకారం శిశు సంక్షేమాన్ని నాలుగు అథారిటీలకు అప్పగించారు: ఉత్తరాది ఫస్ట్ నేషన్స్‌కు ఒకటి, దక్షిణాదివారికి ఒకటి, మెటీలకు (ఆదివాసీ, యూరోపియన్ మిశ్రమ మూలాలున్న జాతి) ఒకటి, మిగతా అందరికీ ఒకటి. ఏజెన్సీల్లో ఆదివాసీ ఉద్యోగులు, ఆదివాసీ డైరెక్టర్లు వచ్చారు. అయినా ప్రభుత్వ సంరక్షణలోని పిల్లల సంఖ్య ఆ తరువాత పెరుగుతూ పోయి 10,000 దాటింది. వారిలో పదింట తొమ్మిదిమంది దాకా ఆదివాసీ పిల్లలే. మనుషులు మారినా, వారు అమలు చేయవలసిన చట్టం ప్రావిన్సుదిగానే, నిధులు వచ్చే పద్ధతి పాతదిగానే ఉండిపోయాయి.

ఆ పద్ధతి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రిజర్వుల్లోని పిల్లల సేవలకు ఫెడరల్ ప్రభుత్వం తక్కువ నిధులు ఇస్తోందని 2007లో ఆదివాసీ పిల్లల హక్కుల కోసం పోరాడే సిండీ బ్లాక్‌స్టాక్ నడిపే సంస్థ, ఫస్ట్ నేషన్స్ జాతీయ సంఘమైన అసెంబ్లీ ఆఫ్ ఫస్ట్ నేషన్స్ కలిసి ఫిర్యాదు చేశాయి. తొమ్మిదేళ్ళ వాదోపవాదాల తరువాత 2016 జనవరి 26న కెనడా మానవ హక్కుల ట్రైబ్యునల్ అది వివక్షేనని తీర్పు చెప్పింది. ఆ తీర్పులో నన్ను అన్నిటికంటే కలవరపెట్టినది ఒకటుంది: బిడ్డను ఇంటి నుంచి తీసుకెళ్ళాక అయ్యే ఖర్చును ఒట్టావా (ఫెడరల్ ప్రభుత్వం) ఎంతైతే అంత తిరిగి ఇచ్చేది, కానీ తీసుకెళ్ళే అవసరం రాకుండా ఆ ఇంటికి ముందే అందించవలసిన సహాయానికి మాత్రం పరిమితమైన మొత్తమే ఇచ్చేది. అలాంటప్పుడు ఆ బల్ల వెనక క్రీ అమ్మాయి ఉన్నా, తెలుగు అమ్మాయి ఉన్నా, సాయంత్రానికి చేతిలో మిగిలే దారి ఒక్కటే. కాబట్టి కొత్తదారి గారు అడగవలసినది తాను ఎవరన్నది కాదు, తనను ఏ చట్టం కింద, ఏ నిధులతో నియమిస్తున్నారన్నది.

ఇంటిమనిషి:
నేను ఇదే ప్రావిన్సులో కుటుంబ సహాయ విభాగంలో పనిచేస్తున్నాను. నేనూ ఇక్కడికి వలస వచ్చినదాన్నే. నా చేతికి వచ్చే ఫైళ్ళలో పిల్లలను కొట్టారు, హింసించారు అన్నవి తక్కువ. నిర్లక్ష్యం అని రాసినవే ఎక్కువ, వాటిని విప్పి చూస్తే బూజు పట్టిన గోడలు, ఒక్క గదిలో సర్దుకుంటున్న రెండు కుటుంబాలు, మత్తు నుంచి బయటపడదామంటే చికిత్సాకేంద్రంలో చోటు దొరకని తల్లి కనిపిస్తారు.

ఒక అమ్మమ్మ తన మనుమలను తనే పెంచుకుంటానన్నారు. తనిఖీ ఫారంలో గడులు ఉంటాయి: ఎవరి పడక వారికి ఉందా, పొగ అలారం పనిచేస్తోందా, కిటికీ లోపలి నుంచి తెరుచుకుంటుందా, మందుల పెట్టెకు తాళం ఉందా. ఆవిడ ఇల్లు పడకల దగ్గరా, అలారం దగ్గరా ఆగిపోయింది. ఇంకొన్నేళ్ళు ముందైతే ఆ పిల్లలు ఏ విన్నిపెగ్‌లోనో పరాయి ఇంట్లో తేలేవారు, వారి పోషణ కోసం ఆ ఇంటికి నెలనెలా డబ్బూ అందేది. మేము నివారణ నిధుల నుంచి అంతస్తుల మంచం ఒకటి, అలారాలు, తాళం ఉన్న చిన్న బీరువా కొని పెట్టించాము. పిల్లలు అక్కడే ఉన్నారు. ఆ బీరువాను ఆవిడ ముందు పూసల సామానుకు వాడుకున్నారు, మందులు రెండోసారి గుర్తుచేశాకే లోపలికి వెళ్ళాయి. అది వేరే కథ.

ఈ పనికి ఇప్పుడు చట్టం అండ కూడా ఉంది. 2020 జనవరి 1 నుంచి అమలులో ఉన్న ఫెడరల్ చట్టం ప్రకారం పేదరికం, సరైన ఇల్లు లేకపోవడం వంటి కారణాలతోనే బిడ్డను తప్పించకూడదు. తప్పించక తప్పనప్పుడు ముందు తల్లి లేదా తండ్రి, ఆ తరువాత బంధువులు, ఆ తరువాత అదే సమాజంవారు, చివరికే ఇతరులు. పాతకాపు గారు భయపడుతున్న తీర్పరి పని నేను చేయడం లేదు. మంచాలు మోయించడానికి క్రీ భాషలో పండితులం కానవసరం లేదు, కానీ ఆ ఇంటివారు చెప్పింది వినే ఓపిక ఉండాలి.

గొంతుక:
రక్షణ విభాగం, సహాయ విభాగం అని ఇద్దరు చెప్పారు, యువత తరఫున వాదించే పని ఎవరికీ గుర్తు రాలేదు. ఏజెన్సీ ఉద్యోగి బిడ్డకు ఏది మేలో తేలుస్తాడు. బిడ్డ తరఫు వాది ఆ బిడ్డ ఏమంటోందో సమావేశంలో వినిపిస్తాడు. రెండూ ఒకే మనిషి చేయలేడు. పదహారేళ్ళ పిల్లను ఏ ఊరికి మారుస్తున్నారో ఆ పిల్లకే చివరగా తెలిసే సమావేశాలు నేను చూశాను.

నార్వే హౌస్ క్రీ నేషన్‌కు చెందిన జోర్డన్ రివర్ ఆండర్సన్ సంగతి కొత్తదారి గారు చదివే ఉంటారు. ఇంటి దగ్గరి వైద్య సేవల ఖర్చు ఎవరు భరించాలని ఫెడరల్, మానిటోబా ప్రభుత్వాలు రెండేళ్ళకు పైగా తగువులాడుకుంటుండగా, ఒక్కరోజైనా ఇంట్లో ఉండకుండానే ఆ బాబు 2005లో, ఐదేళ్ళ వయసులో ఆసుపత్రిలో చనిపోయాడు. ముందు సేవ అందించి, తగువు తరువాత తేల్చుకోవాలన్న జోర్డన్ సూత్రం ఆ పేరుమీదే వచ్చింది, ఈరోజు దాని కింద కుటుంబాల తరఫున దరఖాస్తులు నడిపే ఉద్యోగాలే ఉన్నాయి. అలాగే సంరక్షణ నుంచి వయసు మీరి బయటికి వచ్చే ఫస్ట్ నేషన్స్ యువతకు 26వ పుట్టినరోజు వరకు ఫెడరల్ సహాయం 2022 నుంచి ఉంది, కానీ అద్దె ఇంటి కోసం తిరుగుతున్న పిల్లవాడికి అది ఎక్కడ, ఎలా అడగాలో చెప్పే మనిషి కావాలి. సిండీ బ్లాక్‌స్టాక్ గిట్‌క్సాన్ అనే ఫస్ట్ నేషన్స్ జాతి మహిళ, ఆవిడ కూడా ముందు బ్రిటిష్ కొలంబియాలో పిల్లల రక్షణ ఉద్యోగమే చేశారు. లోపలి లెక్కలు చూసినవారు కాబట్టే బయట నిలబడి అంత గట్టిగా వాదించగలిగారని నా అభిప్రాయం.

పాతకాపు:
గొంతుక గారి ఉదాహరణ నా పక్షానే ఉంది. బ్లాక్‌స్టాక్ ఆ ప్రజల్లోని మనిషి. ఇంటిమనిషి గారు చెప్పిన చట్టంలో వారు ముట్టుకోని భాగమే నాకు ప్రధానం: తమ పిల్లల విషయంలో తామే చట్టం చేసుకునే అధికారం ఆదివాసీ జాతులకు ఉందని అది గుర్తించింది. క్విబెక్ దాన్ని సవాలు చేస్తే 2024 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని పూర్తిగా నిలబెట్టింది. సస్కాచెవాన్‌లోని కౌయెస్సెస్ ఫస్ట్ నేషన్ తన సొంత చట్టం చేసుకుని, 2021లో ఒట్టావాతోనూ ప్రావిన్సుతోనూ ఒప్పందం కుదుర్చుకుంది. అలాంటి చోట, ఆ జాతి పిలిచి పని అప్పగిస్తే, బయటివారు చేరడానికి నాకు అభ్యంతరం లేదు. ప్రావిన్సు చట్టం చేతబట్టుకుని బిడ్డను తప్పించే ఉద్యోగానికి మాత్రం నా సమాధానం మారదు.

కొత్తదారి:
లెక్కలమనిషి గారు సూచించిన ప్రశ్నలు ఏజెన్సీవారిని అడిగాను. నాకు ఇవ్వజూపిన ఉద్యోగం ప్రావిన్సు చట్టం కిందిదే. వారి నివారణ విభాగంలో ఒక ఖాళీ ఉందట. జీతం తక్కువ, పైగా ఒప్పంద ఉద్యోగం. రక్షణ ఉద్యోగం వద్దని చెప్పి దానికి దరఖాస్తు పెడుతున్నాను. మా ఇంట్లో ఇది ఎవరికీ నచ్చలేదు, జీతం తక్కువ ఉద్యోగాన్ని కోరి ఎంచుకోవడమేమిటని అమ్మ రోజూ అడుగుతోంది.

పాతకాపు:
అమ్మగారికి సర్దిచెప్పండి. ఇంటర్వ్యూలో ఇంకొక మాట కూడా అడగండి. ఉత్తర మానిటోబాలోని థాంప్సన్‌లో మానిటోబా విశ్వవిద్యాలయం నడిపే ఉత్తర ప్రాంత సోషల్ వర్క్ కోర్సు నుంచి ఆ ప్రాంతపు యువత డిగ్రీలతో వస్తున్నారు. మీ ఒప్పందం ముగిసేనాటికి ఆ పని అందుకోవడానికి అలాంటి ఒకరిని మీతోపాటే నియమిస్తారా అని అడగండి. లేదంటే వారు ఆ స్థానాన్ని ఎప్పటికీ బయటివారితోనే నింపదలచుకున్నారని నేను అనుకుంటాను.