పిల్లల లెక్కల నోట్సులో ≤ రాయాలా, <= చాలా?

హిందూపురం అబ్బాయి, మారతహళ్లి:

బెంగళూరులో ఉన్న మనం పదిమందిమి ఆదివారాలు కూర్చుని, మడకశిర వైపు బడి పిల్లలకు తెలుగులో లెక్కల నోట్సు టైపు చేసి వాట్సాప్‌లో పంపుతున్నాం కదా. అసమీకరణాల పాఠం నేనే చేశాను. ఆఫీసు అలవాటు కొద్దీ అంతటా <= అని కొట్టాను. పోయిన వారం ఒక పాప తన నోటుబుక్కు ఫొటో పంపింది. <= ఉన్న చోటల్లా ఎడమ వైపు బాణం గీసింది. ఇంకో అబ్బాయి < వేసి, ఎడం వదిలి = వేసి, "సార్, ఈ రెండిట్లో ఏది ముందు చెయ్యాలి?" అని అడిగాడు. తప్పు నాదే. 'తక్కువ లేదా సమానం' అనడానికి వాళ్ల పాఠ్యపుస్తకంలో ఉన్నది ≤. ఇకమీదట అన్ని పాఠాల్లో ≤, ≥, ≠ మాత్రమే వాడదామని నా మాట. అభ్యంతరాలుంటే చెప్పండి.

టెస్టర్, వైట్‌ఫీల్డ్:

నాకుంది. నిరుడు ఇలాంటి నోట్సే ఒక డీటీపీ షాపులో అచ్చుకిచ్చాను. వాళ్లు యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి సంకేతాల పట్టిక) కాని పాత తెలుగు ఫాంటులోకి మార్చి వేశారు. అక్షరాలన్నీ చక్కగా వచ్చాయి, ≤ ఉన్న చోట మాత్రం ఖాళీ. "బరువు ≤ 50" అన్నది "బరువు 50" అయింది. కాపీలు పంచేశాక గానీ ఎవరూ చూడలేదు. ≤ బదులు ఖాళీ డబ్బా వస్తే కనీసం అనుమానం వస్తుంది. మాయమైపోతే ఏమొస్తుంది? <, = రెండూ 1963 నాటి ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలకు కంప్యూటర్లు వాడిన పాత సంకేతాల పట్టిక) నుంచీ ఉన్నవి, ఏ కీబోర్డులోనైనా దొరుకుతాయి. ఎక్సెల్ సూత్రంలో, పైథాన్ ప్రోగ్రాములో ≤ పెడితే నడవదు. రేపు ఈ పిల్లలు కంప్యూటర్ నేర్చుకుంటే రాయాల్సింది <= నే కదా. బాణం అనుకున్న పాపకు ఒక్క వాక్యంలో చెప్తే సరిపోతుంది.

డేటా ఇంజనీరు, బెళ్లందూరు:

అన్నా, ≤ ప్రమాదం అయితే తెలుగు కూడా ప్రమాదమే. యూనికోడ్ అక్షరాలను కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ≤ కు 3 బైట్లు. మన 'క'కూ 3 బైట్లే. యూనికోడ్ తెలిసిన చోట రెండూ బతుకుతాయి, తెలియని చోట రెండూ పోతాయి. మీ షాపులో అక్షరాలను మార్చే పట్టిక ఉంది, గుర్తులకు లేదు. అది ≤ తప్పు కాదు. ఫాంటు లోపలే పొదిగిన పీడీఎఫ్ ఇచ్చి ఉంటే ఆ మార్పిడే అక్కర్లేదు.

ఎస్ఎంఎస్ సంగతి కూడా చూడండి. ఇంగ్లిష్ మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి, అందులో ఒక్క ≤ చేరితే 70కి పడిపోతుంది. అక్కడ మీ వాదన నిజం. కానీ తెలుగు మెసేజ్‌కు మామూలుగా ముందే 70 అక్షరాల హద్దు ఉంటుంది. అందులో ≤ ఒక అక్షరం, <= రెండు.

పైగా < అంత భద్రమైనదేం కాదు. మా ఆఫీసులో ఒక వెబ్ ఫారం < కనబడగానే ట్యాగు (వెబ్ పేజీకిచ్చే ఆదేశం) అనుకుని ఆ తర్వాతదంతా కోసేసింది. సగం వాక్యం పోయింది.

లెక్కల మాస్టారు, కేఆర్ పురం:

ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఆ పాప బాణం ఊరికే గీయలేదు. పిల్లలు లెక్క చేస్తూ ప్రతి వరుస మొదట్లో ⇒ వేస్తారు, 'కాబట్టి' అనే అర్థంలో. వాళ్ల కంటికి <= అనేది దాన్ని తిప్పి పెట్టినట్టే ఉంటుంది. ఇక ≥ బదులు => అని కొట్టేవాళ్లూ ఉన్నారు, అది అచ్చంగా వేరే అర్థమే.

<, > గుర్తులు థామస్ హారియట్‌వి. ఆయన పోయిన పదేళ్లకు, 1631లో అచ్చయ్యాయి. 1734లో పియరీ బుగే వాటి కింద రెండు గీతలు చేర్చాడు, అంటే సమాన గుర్తు మొత్తం. ఇప్పుడు ఒక గీతే మిగిలింది. <= మాత్రం కీబోర్డు లోటు వల్ల వచ్చింది. 1960లలో ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసేవాళ్లు అది కూడా లేక చుక్కల మధ్య ఎల్, ఈ అక్షరాలు పెట్టేవాళ్లు. యంత్రం కోసం పడ్డ ఇబ్బందిని పిల్లల పలక మీద ఎందుకు రుద్దడం?

అసలు చిక్కు వేరే ఉంది. "5 ≤ 5 నిజమా?" అని అడగండి. సగం మంది తప్పంటారు. "5 కంటే 5 తక్కువ కాదు కదా సార్" అంటారు. 'తక్కువ లేదా సమానం'లో 'లేదా' వాళ్ల చెవికెక్కదు. నేను ≤ ను 'మించదు' అని, ≥ ను 'తగ్గదు' అని చదివించేవాణ్ణి. పాసవ్వాలంటే 35కు తగ్గకూడదు. 35 వస్తే పాసా? పాసే. అక్కడితో గొడవ తీరిపోతుంది. 'లోపు' మాత్రం వాడకండి బాబూ. 'పదేళ్లలోపు' అంటే పది నిండినవాడు ఉన్నాడో లేడో ఇద్దరు రెండు రకాలుగా చెప్తారు.

టెస్టర్, వైట్‌ఫీల్డ్:

మాస్టారూ, 'మించదు' నచ్చింది. గుర్తు మాయమైనా మాట మిగులుతుంది, నా టెన్షన్ అదే. పాఠంలో ≤ ఉండనివ్వండి, కానీ ప్రతి లెక్కలో ఒక్కసారైనా పక్కన మాట ఉండాలి. కోడ్ నేర్పే పాఠం వచ్చినప్పుడు <= పెడదాం, అక్కడ నేను తగ్గను. మరి టైపు చెయ్యడం ఎలా? అందరి దగ్గరా ఒకే రకం కంప్యూటర్ లేదు.

హిందూపురం అబ్బాయి, మారతహళ్లి:

వర్డ్‌లో 2264 కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే ≤ వస్తుంది. 2265 అయితే ≥, 2260 అయితే ≠. మ్యాక్‌లో ఆప్షన్‌తో కామా నొక్కితే ≤, చుక్క నొక్కితే ≥. మూడో పాఠం మార్చేశాను, ప్రతి లెక్కలో 'మించదు', 'తగ్గదు' చేర్చాను. ఆ పాపకు సారీ చెప్పి కొత్త పేజీ పంపాను. అచ్చుకు వెళ్లే పీడీఎఫ్ శనివారం రాత్రి పెడతాను. అన్నా, షాపుకు ఇచ్చే ముందు ఒక కాపీ కాగితం మీద తీసి, ప్రతి గుర్తునూ మీరే చూడాలి.

టెస్టర్, వైట్‌ఫీల్డ్:

చూస్తాను. మొత్తం ఎన్ని ≤ ఉన్నాయో లెక్కేసి పంపు, కాగితం మీద అన్నీ ఉండాలి.