హారిసన్ పాటలో గురవేనా, గురువేనా?

మూడుతీగలు:
బీటిల్స్ జార్జ్ హారిసన్ పాట 'మై స్వీట్ లార్డ్'లో హల్లెలూయా కాస్తా హరే కృష్ణగా మారిపోయాక వెనకాల కోరస్‌లో గురుర్బ్రహ్మ శ్లోకం ముక్కలు ముక్కలుగా వస్తుంది కదా, ఆ ఆఖరి ముక్క 'గురవే నమః' అంటున్నారా 'గురువే నమః' అంటున్నారా? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తిప్పి తిప్పి విన్నా, తేలట్లేదు.

ఉకారాంతం:
గురవే. భానవే, విష్ణవే, గురవే. చతుర్థీ ఏకవచనం, అంటే 'గురువుకి' అని, ఇందులో చర్చేముంది. 'గురువే' అంటే మన తెలుగు గురువుకి ఏ తగిలించినట్టు. బడి ప్రార్థనల్లో సగం మంది ఇప్పటికీ అలాగే లాగించేస్తారు.

అట్లాంటా అల్లుడు:
సార్, ఏది కరెక్టని కాదు, ఏం పాడారని కదా అడిగింది. నాకైతే 'రు' అనే వినబడుతోంది. పైగా 'గురుర్ సాక్షాత్' అని కూడా. సకారం ముందు ఆ ర్ ఎలా వస్తుందండీ, విసర్గైనా ఉండాలి, గురుస్సాక్షాత్ అనైనా అవ్వాలి. మొదటి పాదం ఊపులో అదే ర్ అక్కడా పడిపోయినట్టుంది.

కృష్ణాతీరం:
ఛందస్సు చూసుకుంటే సరిపోయేదానికి ఇంత దేనికి. ఈ శ్లోకం అనుష్టుప్పు, అందులో పాదానికి ఐదో అక్షరం లఘువు. తస్మై శ్రీ గు తర్వాత ఐదోది 'ర'. అయిపోయింది.

మూడుతీగలు:
'రు' కూడా లఘువే కదండీ 🙂

కృష్ణాతీరం:
అవుననుకోండి. కానీ వ్యాకరణం ఒప్పుకోదు.

ఉకారాంతం:
నేను మొదట చెప్పిందే అది.

పాతరికార్డు:
కోరస్‌లో ఎవరో తెల్లవాళ్ళు నోరు తిరక్క పలికారని తోసెయ్యడానికి లేదు. ఆల్బమ్ మీద 'జార్జ్ ఓహారా-స్మిత్ సింగర్స్' అని వేశారు గానీ అదంతా హారిసన్ గొంతే, ఒకదాని మీద ఒకటి రికార్డు చేసి పేర్చారు. 1969లోనే లండన్ రాధాకృష్ణ టెంపుల్ వాళ్ళతో హరే కృష్ణ మంత్రం రికార్డు చేయించినవాడు, ఈ ఉచ్చారణ కూడా అక్కడిదే అయ్యుంటుందని నా అనుమానం. పాట మొదలుపెట్టింది మాత్రం అదే ఏడాది డిసెంబర్లో, కోపెన్‌హాగెన్‌లో, ఎడ్విన్ హాకిన్స్ సింగర్స్ 'ఓ హ్యాపీ డే' పాట బుర్రలో తిరుగుతుండగా. తను పాడకముందే గాయకుడు బిల్లీ ప్రెస్టన్‌కి ఇచ్చేశాడు కూడా, అది 1970 సెప్టెంబర్లో వచ్చింది, హారిసన్‌ది నవంబర్లో.

అట్లాంటా అల్లుడు:
'ఓ హ్యాపీ డే' సరే, 'హీ ఈజ్ సో ఫైన్' సంగతి దాటేశారేంటి?

పాతరికార్డు:
దాటెయ్యలేదు బాబూ, అక్కడికే వస్తున్నా. షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం 1963లో పాడిన పాట అది, రాసింది రానీ మ్యాక్. దాని ట్యూనే హారిసన్ కొట్టాడని కేసు పడింది. 1976లో జడ్జి రిచర్డ్ ఓవెన్ ఏమన్నాడంటే, కావాలని కొట్టలేదు గానీ మనసు అడుగున ఉన్నది తెలియకుండానే బయటికొచ్చింది, అయినా కాపీ కాపీయే అని. ఆ జడ్జి స్వయంగా ఒపేరాలు రాసినాయన, రాగం ఏదో తెలియక ఇచ్చిన తీర్పేం కాదు. దీని తర్వాత కథ ఇంకా దారుణం, ఒకప్పుడు హారిసన్ మేనేజరుగా ఉన్న అలెన్ క్లైనే 1978లో ఆ పాట హక్కులున్న అవతలి కంపెనీని కొనేసి వాదిగా కూర్చున్నాడు, చివరికి 1981లో కోర్టు, నువ్వెంత పెట్టి కొన్నావో ఆ 5,87,000 డాలర్లే తీసుకో, పైసా లాభం లేదు పొమ్మంది.

కృష్ణాతీరం:
తెలియకుండా బయటికొచ్చిందంటే నాకు పోతనే గుర్తొస్తాడు. 'పలికెడిది భాగవతమట, పలికించు విభుండు రామభద్రుండట'. ఆయన్ని ఆ కోర్టులో నిలబెడితే నేరం తనే ఒప్పేసుకునేవాడు.

ఉకారాంతం:
'పలికించెడివాఁడు'. విభుండు కాదు.

కృష్ణాతీరం:
మా తాతగారి ప్రతిలో విభుండే. కందానికి రెండూ సరిపోతాయి, మూడో గణం 'డు రామ' ఎటూ జగణమే, యతికీ ఇబ్బంది లేదు. 'విభుండు'లో ఉన్న ఠీవి 'వాఁడు'లో ఎక్కడుంది?

ఉకారాంతం:
ఠీవి కోసం పాఠం మారుస్తారా? పోతన రాముణ్ణి ఇంట్లో మనిషిలా 'వాఁడు' అనుకోవడంలోనే ఉంది అందమంతా.

మూడుతీగలు:
అయ్యా, నా గురవే సంగతి...

అట్లాంటా అల్లుడు:
హారిసన్ పోయాక 2002 జనవరిలో మళ్ళీ వేస్తే ఇంగ్లండులో రెండోసారి నంబర్ వన్ అయింది ఈ పాట, అప్పుడూ ఈ ముక్క ఎవరూ పట్టించుకున్నట్టు లేరు. 1971 ఆగస్టు బంగ్లాదేశ్ కచేరీలో కూడా పాడాడుగా, అది విని చూడండి ఓసారి.

పాతరికార్డు:
అది వేరే. పోతన దగ్గరికి రండి, వాఁడు అంటేనే బాగుంది, నా ఓటు ఉకారాంతం గారికే.

కృష్ణాతీరం:
ఓట్లతో పాఠనిర్ణయమా! తాతగారి ప్రతి పేజీ ఫోటో రేపు పెడతా, అరసున్నలతో సహా చూసుకోండి.