అమెరికాలోలా విడిభాగాలు కొని .22 రైఫిల్ బిగించుకోవచ్చా? అమ్మాయికి ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న (అమలాపురం నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న ఎన్‌సీసీ శిబిరంలో మొదటిసారి .22 రైఫిల్ పట్టుకుంది. అయిదు గుళ్లు పేల్చితే అయిదూ అరచేయి అడ్డం పెడితే దాగిపోయేంత చోట పడ్డాయి. హవల్దారు గారు ఆ లక్ష్యపు కాగితాన్ని మడతపెట్టి దాని చేతికిచ్చి పంపారు. ఇప్పుడది పుస్తకాల బీరువా తలుపు మీద ఉంది. అప్పటి నుంచి ఇంట్లో రైఫిల్ మాట తప్ప వేరే మాట లేదు.

మా బావమరిది టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ రూగర్ 10/22 అనే సెమీ ఆటోమేటిక్ (ఒకటి పేల్చగానే తరువాతి గుండు దానంతటదే ఎక్కే) రైఫిల్‌కు బ్యారెల్ (గొట్టం), ట్రిగ్గర్, చెక్క భాగం ఒక్కొక్కటీ ఎంచి కొని ఇంట్లోనే బిగించుకున్నాడు. "డిసెంబరులో వస్తున్నాను, అమ్మాయికి కూడా అలాంటిదే తయారుచేద్దాం, మంచి బ్యారెల్ తెస్తాను" అంటున్నాడు. ఏ భాగాలు తెమ్మనాలి? లక్షన్నర వరకు పెట్టగలను.

జవాబు (భీమవరం నుంచి)

అయ్యా, ముందు మీ బావమరిది గారికి ఈ పూటే ఫోన్ చేసి ఏమీ తేవద్దని చెప్పండి. నేను న్యాయవాదిని కాబట్టి ఈ ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను.

అమెరికా కేంద్ర చట్టం ప్రకారం వరుస సంఖ్య చెక్కి ఉండే రిసీవర్ (మిగతా భాగాలన్నీ బిగించే నడిమి భాగం) ఒక్కటే తుపాకీ కింద లెక్క. మిగతా భాగాలు మామూలు సరుకులా అమ్ముతారు. మన 1959 ఆయుధ చట్టం అలా కాదు. ఆయుధం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే దాని విడిభాగాలు కూడా ఉన్నాయి. అంటే పెట్టెలో వచ్చే ఒట్టి బ్యారెల్ కూడా ఆయుధమే. దాన్ని దేశంలోకి తేవాలంటే లైసెన్సు ఉండాలి, దానితో తుపాకీ తయారుచేయాలంటే మరో లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకుండా తయారుచేస్తే 2019 సవరణ తరువాత ఏడేళ్లకు తక్కువ కాకుండా, యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చు. "నా ఇంట్లో, నా కూతురి ఆట కోసం" అన్న వాదన అక్కడ నిలబడదు.

జవాబు (కాకినాడ నుంచి)

లాయరు గారు చెప్పినదానికి మారు మాట లేదు. నేను చాలా ఏళ్లుగా పిల్లలకు గురి నేర్పుతున్నాను. మీ అమ్మాయి కోసం నాకు తెలిసింది రాస్తాను.

మీ బావమరిది గారి సరదా అక్కడ సబబే. 10/22 వచ్చింది 1964లో. దాని బ్యారెల్‌ను రెండు స్క్రూలు, ఒక చిన్న ఇనుప దిమ్మ పట్టి ఉంచుతాయి. అందుకే ఇంట్లో కూర్చుని మార్చుకోగలుగుతారు. కానీ అది మీ అమ్మాయి వెళ్లాలనుకునే దారిలో లేదు. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో సెమీ ఆటోమేటిక్‌కు చోటే లేదు. 50 మీటర్ల .22 రైఫిల్‌లో కూడా ఒక్కో గుండూ చేత్తో పెట్టి పేల్చాలి. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుశాలే కాంస్యం గెలిచింది ఆ తరహా రైఫిల్‌తోనే. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో, అంటే గాలి ఒత్తిడితో పేలే రైఫిల్‌తో, వచ్చాయి. మీరు మొదలుపెట్టవలసింది అక్కడే. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌల్స్ దాటని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. గుర్తింపు పత్రాలు ఇచ్చి, బిల్లు తీసుకుని భద్రపరచుకోండి. పోటీ రైఫిళ్లు ఆ హద్దులో సగానికి కూడా రావు, కనుక "పవర్ పెంచుతాం" అనే దుకాణం గడప తొక్కకండి.

ఇక ఎంపిక. స్ప్రింగుతో పనిచేసేవి చవక, కానీ లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకడం వల్ల పెల్లెట్ (చిన్న సీసపు గుండు) గొట్టం దాటేలోపే తుపాకీ కదులుతుంది. పిల్ల తప్పు ఏదో, తుపాకీ తప్పు ఏదో మీకు తెలియదు. సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే రకం కొనండి. మీ లక్షన్నరలో కొత్తది దొరక్కపోతే క్లబ్బులో వాడినది అడగండి. అప్పుడు ముందుగా సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ చూడండి. పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీల్లో ఒప్పుకోరు. తుపాకీ ఎంత మెరుస్తున్నా ఆ ఖర్చు మీ మీదే పడుతుంది.

బ్యారెల్ గురించి మీ బావమరిది గారు పడే తపన మీరు స్టాక్ (భుజానికి, చెంపకు ఆనించే భాగం) మీద పడాలి. పేరున్న పోటీ రైఫిళ్ల బ్యారెల్ ఏదైనా మీ అమ్మాయి చేతికన్నా నిలకడగానే ఉంటుంది. తేడా అంతా ఒంటికి అమరడంలో ఉంది. దుకాణంలో ఇలా చేయించండి. అమ్మాయిని లక్ష్యానికి ఎదురుగా నిలబెట్టండి. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప ఆనించి, రెండు ఊపిరులు తీసుకోమనండి. అప్పుడు కళ్లు తెరవమనండి. మెడ కదపకుండానే వెనక రంధ్రంలోంచి ముందు వలయం కనబడాలి. మెడ సాగదీస్తే వెనక భాగం పొడవు ఎక్కువ. చెంపను పైకి నెట్టుకుంటే చెంపపీట తక్కువ ఎత్తులో ఉంది. ఈ రెండూ స్క్రూలతో జరిగే స్టాక్ అయితేనే తీసుకోండి. ఈ వయసులో పిల్లలు ఏడాదికి ఎంత ఎదుగుతారో మీకు చెప్పనక్కరలేదు. నిబంధన 5.5 కిలోల వరకు ఒప్పుకుంటుంది కానీ మీ అమ్మాయి పోటీలో అరవై గుళ్ల పాటు మోయాలి, తేలికైనదే ఎంచండి. దుర్బీను అడగవద్దు, పోటీల్లో అది నిషిద్ధం.

పెల్లెట్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. తల చదునుగా ఉండేవి కొనండి, అవి కాగితంలో పంచ్ కొట్టినట్టు గుండ్రటి రంధ్రం చేస్తాయి. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని తల కొలత ఉంటుంది. పైకి ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒక్కో గొట్టానికి ఒక్కోటి నప్పుతుంది. రైఫిల్‌ను మెత్తని గుడ్డ చుట్టి బల్లకు బిగించి, ఒక్కో డబ్బాకు ఒక్కో కాగితం పెట్టి పది చొప్పున పేల్చి చూడండి. పదో వలయం చుక్క అర మిల్లీమీటరే. ఆ పరీక్షలో కనబడిన తేడా నెల రోజుల సాధనలో కూడా రాదు. సీసం కనుక పిల్ల చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినాలి.

ఇప్పుడు మన గోదావరి లంకల సంగతి. ఇది ఏ పుస్తకంలోనూ సరిగ్గా రాయరు. ఒకసారి దసరా సెలవులకు మా విద్యార్థి ఒకడు రైఫిల్‌ను స్పాంజి పెట్టెలో పెట్టి మూసి వెళ్లాడు. రెండు వారాల తరువాత తెరిస్తే గొట్టం మీద మిరియాలు చల్లినట్టు తుప్పు మచ్చలు, తోలు పటకా మీద బూజు. స్పాంజి తడిని పట్టుకుంటుంది. ఈ గాలిలో రైఫిల్‌ను మూసిన పెట్టెలో ఉంచకండి. ఆడిన ప్రతిసారీ చెమట తుడిచి, ఆయిల్ గుడ్డతో ఇనుప భాగాలన్నీ పలచగా తుడిచి, తాళం వేసే చెక్క బీరువాలో నిలువుగా పెట్టండి. సిలికా పొట్లాలు వేసి, అవి రంగు మారినప్పుడల్లా మార్చండి. కొబ్బరి నూనె మాత్రం రాయకండి. మన ఇళ్లలో అన్నిటికీ అదే మందు అనుకుంటాం, కానీ అది కొన్నాళ్లకు జిగటగా మారి దుమ్మును పట్టుకుంటుంది. సిలిండర్ రబ్బరు వలయాలకు సిలికాన్ గ్రీజు తప్ప వేరేది తగలకూడదు.

గాలి ఎక్కించేటప్పుడు మరో జాగ్రత్త. చేతిపంపు మన తడిగాలినే పీల్చి 200 బార్ల ఒత్తిడి దాకా నొక్కుతుంది. ఆ నీరంతా లోపలే చేరుతుంది. నీరు ఆపే ఫిల్టర్ ఉన్న పంపు కొనండి, మధ్యమధ్యలో ఆపి దాని మర తిప్పి నీరు వదలండి. అంతకన్నా ముఖ్యం, ఆక్సిజన్ ఎక్కించవద్దు. రొయ్య పిల్లల సంచులకు వాడే ఆక్సిజన్ సిలిండర్ మన ఊళ్లలో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, "ఇదీ గాలే కదా" అనేవాళ్లు ఉంటారు. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కు చుక్క నూనె తగిలినా మండిపోతుంది, సిలిండర్ పేలవచ్చు. పొడి గాలి మాత్రమే వాడాలి.

ప్రశ్న (నరసాపురం నుంచి)

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మాకు చేపల చెరువులున్నాయి. నీటికాకులు, కొంగలు విపరీతం. ఈ ఎయిర్ రైఫిల్‌తో వాటిని తోలవచ్చా?

జవాబు (భీమవరం నుంచి)

వద్దండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవి రక్షిత పక్షులు. లైసెన్సు అక్కరలేని తుపాకీతో కొట్టినా వేటే అవుతుంది. చెరువు మీద తాళ్లు లాగి వల కట్టండి, మెరుపు రిబ్బన్లు వేలాడదీయండి.

ప్రశ్న (అమలాపురం నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. బావమరిదికి రాత్రే ఫోన్ చేశాను. కాస్త నొచ్చుకున్నాడు, తరువాత "అయితే గురి చొక్కా, చేతి తొడుగు తెస్తాను" అన్నాడు. అవి తేవచ్చా? ఇంటి పెరట్లో సాధన చేయించవచ్చా?

జవాబు (కాకినాడ నుంచి)

చొక్కా, తొడుగు బట్టలే కనుక నిశ్చింతగా తెమ్మనండి. కాని చొక్కా ఇప్పుడే వద్దు. అది ఒంటికి బిగుతుగా కొలిచి కుట్టించేది, ఆరు నెలల్లో అమ్మాయికి పట్టదు. తొడుగు తెస్తే చాలు.

పెరడు మాత్రం వద్దు. కొబ్బరి చెట్టు మొదలుకు తగిలి పెల్లెట్ వెనక్కి రావచ్చు, పక్క పెరట్లో ఎవరున్నారో మీకు కనబడదు. ఇంట్లో పది మీటర్ల పొడవు వరండా ఉంటే, చివర తలుపు గడియ పెట్టి, లక్ష్యం వెనక ఇనుప పలకను కిందికి వాల్చి పెట్టి, దాని అడుగున ఇసుక పెట్టె ఉంచండి. ఇసుక వారానికోసారి జల్లెడ పట్టి సీసం తీసేయండి. మొదటి నెలలో సగం రోజులు పెల్లెట్ లేకుండానే నిలబడి గురి పట్టి ట్రిగ్గర్ నొక్కడం చేయించండి. అమ్మాయికి విసుగు వస్తుంది. బీరువా తలుపు మీది కాగితం తీసి ఆ వరండా గోడకు అంటించండి.