ఇంటర్ చదివే తమ్ముడు సిగరెట్ కాలుస్తున్నాడు, ఎలా మాట్లాడాలి?

ఖమ్మం అక్క:
మా తమ్ముడు పదో తరగతి దాకా ఊళ్లోనే చదివి, ఈ ఏడాది టౌన్‌లో ఇంటర్‌లో చేరాడు. కాలేజీ పక్కన టీ బడ్డీ దగ్గర ఫ్రెండ్స్‌తో సిగరెట్ కాలుస్తుంటే నేనే చూశాను. నాన్నకు చెప్పలేదు, తెలిస్తే కొడతాడు. నేనడిగితే "కొనను అక్కా, వాళ్లే ఇస్తారు. అందరూ కాలుస్తారు, వద్దంటే చిన్నపిల్లాడంటారు" అన్నాడు. ఇంగ్లిష్ రాదని క్లాసులో నోరు విప్పడు. ఆ బడ్డీ దగ్గర మాత్రం గట్టిగా నవ్వుతున్నాడు. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

హన్మకొండ, డిగ్రీ ఫైనలియర్:
అక్కా, క్యాన్సర్ గురించి చెప్పకండి. ఆ బొమ్మ పెట్టె మీద రోజూ చూస్తూనే ఉంటాడు. నేనూ పల్లె నుంచి హాస్టల్‌కి వచ్చినవాణ్నే. కొత్త గుంపులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. సిగరెట్ ఉంటే చేతికి పని, మాట్లాడకపోయినా గుంపులో ఉన్నట్టే.

వద్దనేటప్పుడు కారణం చెప్పొద్దనండి. "ఇంట్లో తిడతారు" అన్నాడంటే ఏడిపిస్తారు. "నాకొద్దు రా, టీ చెప్పు" అని అక్కడే నిలబడి వేరే మాట ఎత్తాలి. రెండోసారీ అదే మాట. ఇంట్లో మీతో ఒకసారి అనిపించండి, మొదట సిగ్గుపడతాడు.

ఒంగోలు టీచర్:
హన్మకొండ తమ్ముడు బాగా చెప్పాడు. 'అందరూ కాలుస్తారు' అన్నదాన్ని మాత్రం వదలకండమ్మా. 2019లో దేశవ్యాప్తంగా చేసిన సర్వేలో 13-15 ఏళ్ల బడిపిల్లల్లో ఏ రూపంలోనైనా పొగాకు వాడుతున్నవాళ్లు 8.5 శాతం. ఇంటర్ వయసులో కొంత పెరగొచ్చు, కానీ అందరూ కాదు. వాడి క్లాసులో కాల్చనివాళ్లు ఎంతమందో వాణ్నే లెక్కపెట్టమనండి. బడ్డీ దగ్గర నిలబడితే కాల్చేవాళ్లే కనిపిస్తారు, మిగతావాళ్లు అక్కడికి రారు కదా.

ఇంకో సంగతి. అలవాటు ముదిరితే నికోటిన్ అందనప్పుడు చిరాకు, టెన్షన్ వస్తాయి. మళ్లీ కాల్చగానే అవి తగ్గుతాయి. పిల్లవాడు దాన్నే ధైర్యం అనుకుంటాడు. అందుకే క్లాసులో భయం సంగతి విడిగా చూడండి. రోజూ పది నిమిషాలు ఇంగ్లిష్ పాఠం పైకి చదివించండి, తప్పులు దిద్దకుండా వినండి. పొగాకు పండించే ప్రాంతంలో పాఠాలు చెబుతున్నాను, నోరు విప్పడం వచ్చిన పిల్లలు బడ్డీ వైపు వెళ్లడం తగ్గించడం నా కళ్లారా చూశాను.

2003 చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లకు సిగరెట్లు అమ్మకూడదు, విద్యాసంస్థకు 100 గజాల లోపల అసలు అమ్మకూడదు. ప్రిన్సిపాల్‌కు చెప్పండి.

ఖమ్మం అక్క:
నిన్న రాత్రి డాబా మీద మాట్లాడాను. లెక్కపెట్టమంటే మొదట విసుక్కున్నాడు. తర్వాత తనే ఒక్కొక్క పేరూ చెప్పుకుంటూ పోయి, కాల్చేది ఆ నలుగురే అని ఆగాడు. మానేస్తానని మాత్రం అనలేదు, నేనూ ఒట్టు వేయించుకోలేదు. సార్, ప్రిన్సిపాల్‌కు చెబితే వీడి పేరు బయటికి వస్తుందేమోనని భయంగా ఉంది.

ఒంగోలు టీచర్:
పేరు ఎందుకమ్మా? బడ్డీ గేటుకు ఎంత దూరంలో ఉందో, ఏ టైంలో అమ్ముతున్నారో రాయండి చాలు. ఇంకో ఇద్దరు తల్లిదండ్రులతో కలిసి సంతకం పెడితే ఇంకా మంచిది. వాడికి మానాలని అనిపించిన రోజు 1800-11-2356కి ఫోన్ చేయమనండి. ప్రభుత్వానిదే, డబ్బులు పడవు.