‘కోయిల సేరునే కుటజములకు?’: ఈ పద్యం చెట్టు వైపా, పుస్తకం వైపా?

చర్చ మొదలుపెట్టినవారు, కడప నుంచి:

మా ఊళ్లో ఈ మధ్య జరిగిన గోష్ఠిలో ఒక పెద్దాయన, పుస్తకం ఇచ్చే ఆనందం పైపైది, చెట్టూ పిట్టా ఇచ్చేదే లోతైనది అని వాదించారు. అంతవరకు నాకు పేచీ లేదు. దానికి పోతనను సాక్షిగా పిలిచారు, పేచీ అక్కడ. ఆయన చదివిన సీసం అందరికీ నోటికి వచ్చిందే:

మందార మకరంద మాధుర్యమున దేలు
మధుపంబు వోవునే మదనములకు?
నిర్మల మందాకినీ వీచికల దూగు
రాయంచ సనునే తరంగిణులకు?
లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు
కోయిల సేరునే కుటజములకు?
పూర్ణేందు చంద్రికా స్ఫురిత చకోరక
మరుగునే సాంద్ర నీహారములకు?

ఇది భాగవతంలో ప్రహ్లాదుడు తనకు చదువు చెప్పే గురువుతో అన్న మాట. నీ బుద్ధి ఇలా ఎందుకు మారిందని గురువు అడిగితే, ముందు అయస్కాంతం దగ్గరి ఇనుమును పోలిక తెస్తాడు. ఆ పోలిక సంస్కృత మూలంలో ఉంది. దాని వెనుక వచ్చే ఈ సీసం మూలంలో లేదు, పోతన సొంతం. బడిలో కూర్చున్న పిల్లవాడు మీ చదువు నాకు ఎక్కదని చెప్పడానికి తుమ్మెదనూ హంసనూ కోయిలనూ చకోరాన్నీ వరసగా నిలబెట్టాడు. పైకి చూస్తే పుస్తకం ఓడి ప్రకృతి గెలిచినట్టే ఉంటుంది. కానీ ఆ నాలుగూ ఎక్కడివి? ఆకాశగంగ మందాకినిలో ఊగే రాయంచను చూసినవాళ్లెవరు? చకోరమని చెప్పుకునే పక్షి కౌజు జాతిది. అది హిమాలయాల వైపు ఉంటుంది, గింజలూ పురుగులూ తింటుంది, వెన్నెల తాగదు. నాలుగూ కావ్యాల నుంచి దిగివచ్చినవే. అంటే చదువు వద్దనే పిల్లవాడు కూడా చదివిన ప్రకృతితోనే వాదించాడు. ఈ పద్యంలో మనకు అందేది చదువరి సుఖమే అని నా మాట. కాదనేవాళ్లు కాదనండి.

(పోతన ఒంటిమిట్టవాడా, ఓరుగల్లువాడా అనే తగువు ఇక్కడికి తేవద్దని మనవి. అది వేరే చోట ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.)

రైల్వే కోడూరు నుంచి:

అన్నా, మాకు మామిడితోట ఉంది. కోయిల వస్తుంది, కూస్తుంది. చిగురు తినగా మాత్రం నేను చూడలేదు. మర్రిపండ్లూ రావిపండ్లూ తింటుంది. చిగుళ్లు మేసి గొంతు తీపి చేసుకుంటుందనేది కవుల మాట. ఇంకో సంగతి. సాంద్ర నీహారం చకోరానికే కాదు, మామిడి రైతుకూ పడదు. పూత మీద మంచు దిగితే ఆ ఏడు కాపు గురించి రాత్రుళ్లు నిద్ర ఉండదు. తోటలో కోయిల కూసినప్పుడు నాకు గుర్తుకొచ్చేది పూత ఎంత నిలిచిందనే లెక్క. దాన్ని ప్రకృతి సుఖం అంటారో లేదో మీరే చెప్పాలి.

ప్రొద్దుటూరు నుంచి:

పెన్నలో నీళ్లు కనబడితే వంతెన మీద బండి ఆపి చూసే ఊరు మాది. తరంగిణిని తక్కువ చేసే రాయంచ అంటే మాకు కొంచెం కోపమే సార్.

సిద్ధవటం నుంచి:

కడప సార్‌కు జవాబు. మీరు బ్రౌన్ దొర బంగళా స్థలంలో కట్టిన గ్రంథాలయంలో కూర్చుని మాట్లాడుతున్నారు, నేను లంకమల్ల కొండల కింద కూర్చుని మాట్లాడుతున్నాను. అందుకే కలివికోడి సంగతి చెప్పాలి. జెర్డాన్ అనే దొర కనుగొన్న ఆ పిట్ట 1848లో గ్రంథాలకు ఎక్కింది. 1900లో అనంతపురం వైపు ఒకసారి కనిపించింది. ఆ తర్వాత కనబడలేదు గనక అంతరించిపోయిందనే పుస్తకాలు అనుకున్నాయి. 1986లో ఇక్కడి తుప్పల అడవిలోనే దొరికింది. దాన్ని పట్టింది పక్షిశాస్త్రం చదివినవాళ్లు కాదు, రాత్రిపూట వెలుతురు పట్టుకుని అడవిలో తిరిగే స్థానిక వేటగాడు. పుస్తకం లేదన్న పిట్టకు మా వైపు పేరు కూడా ఉంది, కలివి పొదల్లో తిరుగుతుంది గనక కలివికోడి. పుస్తక సుఖాన్ని తక్కువ చేయడం లేదు. చీకట్లో ఆ పొదల మధ్య నిలబడినవాడి గుండె వేగం మాత్రం ఏ పుట తిప్పినా రాదంటున్నాను.

అనంతపురం నుంచి:

సిద్ధవటం అన్నా, ఆ వేటగాణ్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ల చేతిలో ఉన్నది పుస్తకంలోని బొమ్మే కదా? అది చూపించి అడిగారు గనకే అతను గుర్తుపట్టాడు. లేకపోతే అది అతనికి ఇంకో పిట్ట, ప్రపంచానికి లేని పిట్ట.

మరో మాట. మా తాతగారు గొర్రెలు కాసేవారు. ఏ గుట్టలో ఏ ఆకు ఎప్పుడు చిగురిస్తుందో ఆయనకు తెలిసినంత వృక్షశాస్త్రం చదివిన నాకు తెలియదు. ఆయన ఎన్నడూ కొండను పొగడలేదు. ప్రకృతి గొప్పా పుస్తకం గొప్పా అనే ప్రశ్నే తీరిక ఉన్నవాళ్లది అనిపిస్తుంది నాకు.

చర్చ మొదలుపెట్టినవారు:

అక్కా, ఆ తీరిక మాట నన్నే తగిలింది, ఒప్పుకుంటాను. అయినా కుటజం గురించి చెప్పకుండా వదలను.

కుటజానికి నిఘంటువులు కొండమల్లె, కొడిసె అని అర్థాలిస్తాయి. పాలు కారే చెట్టు, తెల్లని పూలు, మంచి వాసన. బెరడు రక్తవిరేచనాలకు మందు, ఆయుర్వేదంలో కుటజారిష్టం దానితోనే చేస్తారు. పోతన పద్యంలో దాని పని ఒక్కటే: మామిడి ముందు తీసికట్టుగా నిలబడడం. ఇప్పుడు మేఘదూతానికి వెళ్లండి. రామగిరి మీద విరహంతో ఉన్న యక్షుడు మేఘాన్ని చూసి, సందేశం చెప్పే ముందు అర్ఘ్యమిస్తాడు. ఏ పూలతో? అప్పుడే విచ్చిన కుటజ కుసుమాలతో! వానాకాలం మొదట్లో కొండ మీద చేతికందేవి అవే కాబట్టి. కాళిదాసు దగ్గర పూజకు నోచుకున్న పువ్వు, పోతన దగ్గర కోయిల ముఖం తిప్పుకునే పువ్వయింది. చెట్టుకు ఈ మానావమానాలు రెండూ తెలియవు. తెలిసేది ఆ రెండు పద్యాలు చదివి, ఆ కొమ్మ కింద నిలబడినవాడికే. అక్కడ నాకు కలిగే సుఖంలో వాసన వాటా ఎంత, కాళిదాసు వాటా ఎంత అని పంచడం నా వల్ల కాదు. కానీ కాళిదాసు లేకపోతే నేను ఆ చెట్టు కింద ఆగేవాణ్ని కాదు. అందుకే నా ఓటు ఇంకా పుస్తకానికే.

సిద్ధవటం నుంచి:

మీరు ఆగేవారు కాదు సార్. వాసనకు ఆగేవాళ్లు ఉన్నారు.

చర్చ మొదలుపెట్టినవారు:

సరే, ఆ పాదం మీది. మొదటి పాదం మీద మాత్రం మీ సాయం కావాలి. ‘మదనములకు’ అంటే వ్యాఖ్యాతలు ఉమ్మెత్త అని చెబుతారు. అది సాయంత్రం విచ్చే పొడవాటి గొట్టం పువ్వు, రాత్రి తిరిగే రెక్కల పురుగులకే ఎక్కువ అనుకూలం, తుమ్మెద ‘వోవునే’ అనడానికి సరిపోతుంది. కానీ మదనానికి మంగచెట్టు అనే అర్థమూ ఉంది, మదనఫలం దానిదే. అదీ తెల్లని పువ్వే, సువాసన కలదే. పోతన మనసులో ఉన్నది మంగ అయితే, తుమ్మెద పోనే పోదని అనగలమా?

సిద్ధవటం నుంచి:

మంగచెట్లు మా గుట్ట మీద ఉన్నాయి. పూసినప్పుడు వెళ్లి కూర్చుంటాను. ఏది వాలిందో ఫోటో పెడతాను, అర్థం మీరు తేల్చండి. తుమ్మెద వాలితే ఏ నిఘంటువును దిద్దాలో కూడా మీరే చెప్పాలి.